కాకి రాల్చిన మంచు, గైడ్‌లో లేని వాక్యం

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో హైస్కూల్ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లీష్ మాస్టారు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇటు కిటికీ పక్కన కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వెనక్కి వినపడుతోందా? సరే.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒకమ్మ ఆపి అడిగింది, మాస్టారూ, మావాడికి మేథ్స్, సైన్స్ బానే వస్తున్నాయండి, ఇంగ్లీష్‌లోనే మార్కులు ఆగిపోతున్నాయి, ఏ గైడ్ కొనమంటారు అని. అమ్మా, మీరు అడిగిందాంట్లో తప్పేం లేదు. 31 ఏళ్లు ఇంగ్లీష్ చెప్పాను నేను, భీమిలి వైపు, ఆనందపురం వైపు, పద్మనాభం వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో, ఎక్కడికెళ్లినా ఈ ప్రశ్న నాకంటే ముందే వచ్చి కూర్చునుండేది, ఒకప్పుడు నేనే గైడ్ పేరు చీటీ మీద రాసిచ్చేవాణ్ణి కూడా. ఇవాళ రాసివ్వను. ఎందుకు రాసివ్వనో చెప్పడానికే వచ్చాను.

మన పిల్లల బుర్రల్లో ఇంగ్లీష్ అంటే రెండు వేరు వేరు సబ్జెక్టులైపోయింది. ఒకటి పాఠాలు, పొయెమ్స్, దానికి గైడ్ ఉంటుంది. రెండోది ఉత్తరాలు, డైరీ ఎంట్రీలు, పేరాగ్రాఫులు, దానికి ఫార్మాట్ ఉంటుంది, ఎడంపక్క పైన అడ్రస్ రాయాలి, డేట్ రాయాలి, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ రాయాలి, అంతే. ఈ రెండిటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పరు. నేను చెప్పేదేంటంటే అవి రెండూ ఒకటే పని. ఒక పద్యం చదివినప్పుడు నీకేదో తగుల్తుంది, కానీ అదేంటో నీకు కూడా సరిగ్గా తెలీదు, కాగితం మీద నీ మాటల్లో పెట్టేదాకా తెలీదు. రాయడం అంటే చదవడంలో రెండో సగం. గైడ్ ఏం చేస్తుందంటే ఆ రెండో సగాన్ని నీ చేతిలోంచి లాగేసుకుంటుంది.

ఇది నాకెలా తెలిసిందో చెప్తాను. నేను సర్వీసులోకి వచ్చిన కొత్తలో ఒక ఊళ్లో పనిచేశాను, స్కూల్ వరండాలో నిలబడితే సముద్రం కనపడుతుంది. ప్రీఫైనల్‌లో లెటర్ రైటింగ్ ఇచ్చాం, నువ్వు ఈమధ్య చూసిన ఒక చోటు గురించి ఫ్రెండ్‌కి ఉత్తరం రాయి అని. 52 పేపర్లు. ఇంటికి తెచ్చుకుని దిద్దడం మొదలుపెట్టాను. మొదటివాడు హైదరాబాద్ వెళ్లాడు, చార్మినార్ చూశాడు, ఇట్ ఈజ్ ఎ ఫీస్ట్ టు ద ఐస్, అంటే కళ్లకి విందు అని రాశాడు. రెండోవాడూ చార్మినారే. మూడో అమ్మాయి కూడా. అలా తిరగేస్తూ వెళ్తే నలభై మంది పైన అదే చార్మినార్, అదే ఫీస్ట్ టు ద ఐస్, వాళ్లలో సగం మంది అప్పటికి అనకాపల్లి దాటి వెళ్లుండరు. ఆ ఉత్తరం ఎవరు చెప్పారు వాళ్లకి? నేనే. ఒక గైడ్‌లోంచి తీసి నేనే బోర్డు మీద రాశాను, రఫ్ నోటులో ఎక్కించుకోమన్నాను, నాలుగుసార్లు చూడకుండా రాయించాను. వాళ్లు నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. మార్కులు కూడా వేశాను, ఏం చేస్తాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే వాళ్ల కళ్లముందు సముద్రం ఉంది, పొద్దున్నే వల లాగుతుంటే ఊరంతా ఒడ్డున నిలబడే ఊరది, ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా దాన్ని రాయలేదు. రాయకూడదేమో అనుకున్నారు. ఇంగ్లీష్‌లో రాయదగ్గవి వేరే ఎక్కడో ఉంటాయని ఆ పిల్లలకి నేను నేర్పించాను. ఆ తప్పు దిద్దుకోడానికే మిగతా సర్వీసంతా పట్టింది నాకు.

ఇప్పుడు ఒక పద్యం తీసుకుందాం. రాబర్ట్ ఫ్రాస్ట్ అని అమెరికా కవి, డస్ట్ ఆఫ్ స్నో అని ఆయన పద్యం, 1923లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంటుంది, సీబీఎస్ఈ పదో తరగతి రీడర్‌లో పెట్టారు, ఇక్కడ సగం మంది చదివే ఉంటారు. 8 లైన్లు. మాటలు లెక్కపెడితే 34. ఫుల్‌స్టాప్ ఒక్కటే, అది చివర్న. అంటే పద్యం మొత్తం కలిపి ఒకే వాక్యం. హెమ్‌లాక్ చెట్టు మీంచి ఒక కాకి నా మీద మంచు పొడి రాల్చిన తీరు నా మనసుని కొంచెం మార్చింది, పాడైపోయిందని బాధపడుతున్న రోజులో కొంత దక్కించింది. అంతే, ఇంకేం లేదు.

రిటైరయ్యాక మా ఇంటి డాబా మీద సాయంత్రాలు పిల్లలకి చెప్తున్నాను, స్టేట్ వాళ్లూ సీబీఎస్ఈ వాళ్లూ కలిసే వస్తారు. ఈ పద్యం ఇచ్చి ఏమర్థమైంది అంటే అందరూ ఒకే మాట చెప్పారు, కాకి అశుభం, హెమ్‌లాక్ విషపు చెట్టు, చెడ్డవనుకున్నవి కూడా మనకి మంచి చేస్తాయి అని. ఎక్కడిదిరా ఇది అంటే నోట్సులో ఉందండి అన్నారు. అప్పుడు వెనకాల కూర్చున్న ఒక గుంటడు లేచి, ఏటి మాస్టారూ, కాకి గోడ మీద కూసుని అరిత్తే సుట్టాలొత్తారంటాది మా మామ్మ, మరది అశుభం ఎలాగవుద్దండీ అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, కూర్చోమనలేదు కూడా, ఇంకెవరికి ఏం గుర్తొస్తుందో చెప్పండి అన్నాను. అప్పుడొక పిల్ల మెల్లిగా చెప్పింది, మా తాతయ్య పోయినప్పుడు పదోరోజు పిండం పెడితే కాకి రాలేదండి, ఎంతసేపటికీ రాలేదు, ఎవ్వరం అన్నాలు తినలేదు, ఆఖరికి వచ్చి ముట్టుకుంది, అప్పుడు మా నాన్న మొహం మామూలైంది అని.

అర్థమైందా అండీ? ఒక మనిషి రోజంతా బరువుగా ఉన్నాడు, ఒక కాకి వచ్చి ఒక చిన్న పని చేసింది, మొహం మారింది. ఆ పిల్ల పద్యం చదవలేదనుకున్నాం కదా, అసలు ఆ పద్యం జరగడం కళ్లారా చూసిందా పిల్ల. అది వదిలేసి నోట్సులో ఉన్న అశుభం రాస్తోంది పరీక్షలో. అమెరికా కవి మన పిండాల కాకి గురించి రాశాడని నేను చెప్పట్లేదు, జాగ్రత్తగా వినండి, ఆయన కాకి వేరు మన కాకి వేరు, వాళ్ల దగ్గర కాకికి అపశకునం అన్న పేరు ఉన్నమాట నిజమే. కానీ ఆ పద్యంలో కాకి అశుభం అని ఎక్కడా రాసిలేదు. చూడండి 34 మాటల్లో. ఉందా? లేదు. కాకి ఉంది, అది రాల్చిన తీరు ఉంది. మిగతాది మనం తెచ్చిపెట్టేది. ఏం తెచ్చావో తెలిసి తేవాలి, నోట్సు పెట్టినదాన్ని తెలీకుండా మొయ్యకూడదు.

ఇంక హెమ్‌లాక్. ఇది చాలా నోట్సుల్లో తప్పు ఉంటుంది కాబట్టి చెప్తున్నాను. సోక్రటీస్‌కి ఇచ్చిన విషం హెమ్‌లాక్ అనే మొక్క నుంచి తీసింది, చూడ్డానికి తెల్లటి పూలతో మన కొత్తిమీర కుటుంబంలోది, నిజంగానే విషం. పద్యంలోది హెమ్‌లాక్ చెట్టు, పైన్ కుటుంబంలో పెద్ద చెట్టు, సూదుల్లాంటి ఆకులు, అమెరికా ఈశాన్యంలో అడవుల్లో ఉంటుంది, దానికి విషం లేదు. పేరొక్కటే, చెట్టు వేరు. కవి ఆ పేరులో ఉన్న చేదు కోసమే ఆ చెట్టు పెట్టుకున్నాడేమో అని నువ్వు వాదించొచ్చు, బాగుంటుంది ఆ వాదన, రాయి. చెట్టు విషం అని మాత్రం రాయకు, ఎందుకంటే అది నిజం కాదు.

ఇప్పుడు గ్రామర్ దగ్గరికి వద్దాం, భయపడకండి. పద్యంలో హ్యాజ్ గివెన్ అనే క్రియకి కర్త ఎవరు? క్లాసులో అడిగితే కాకి అంటారు, కొంతమంది స్నో అంటారు. రెండూ కాదు. మొదటి రెండు మాటలు చూడండి, ద వే. తీరు. మనసు మార్చింది కాకి కాదు, మంచు కాదు, అది రాల్చిన తీరు. ఎంత తేడానో చూడండి. అదే కాకి అదే మంచు ఇంకోలా పడుంటే ఆయన విసుక్కుని దులుపుకుని పోయుండేవాడేమో. ఇది పట్టుకోవాలంటే కర్త ఎవరు అన్న ఎనిమిదో తరగతి గ్రామర్ ప్రశ్న చాలు, అందుకే అంటున్నాను గ్రామర్ వేరు లిటరేచర్ వేరు కాదు అని, గ్రామర్ అనేది ఖాళీలు నింపడానికి పుట్టలేదు, ఇదిగో ఇలాంటిది కనిపెట్టడానికి.

స్నో అన్న మాట దగ్గర మనకో చిక్కుంది. తెలుగులో అన్నిటికీ మంచే. పొద్దున్నే గడ్డి మీద ఉండేది మంచు, లంబసింగి వెళ్తే రోడ్డు కనపడకుండా కమ్ముకునేది మంచు, హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఇంగ్లీష్‌లో డ్యూ వేరు, ఫాగ్ వేరు, స్నో వేరు, ఐస్ వేరు, ఫ్రాస్ట్ ఇంకా వేరు, ఈ కవి ఇంటిపేరే అది. మా దగ్గరికొచ్చే ఒకబ్బాయిది వన్‌టౌన్, వాడు రాశాడు, కవి బట్టలు తడిసిపోయాయి, తర్వాత నల్లగా అయిపోయాయి అని. వాళ్ల డాబా మీద నల్లటి దుమ్ము పడుతుంటుంది, ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి, వాడికి డస్ట్ అంటే అదే. నేను వాణ్ణి తప్పని కొట్టెయ్యకుండా అడిగాను, మరి కవి దుమ్ము అన్న మాట ఎందుకు వేశాడ్రా, నీళ్లయితే డ్రాప్స్ అనాలి కదా అని. వాడే ఆలోచించుకుని చెప్పాడు, అక్కడ చలికి అది కరగదేమో మాస్టారూ, పొడిలా ఉంటాదేమో, దులిపితే పోతాదేమో అని. కరెక్ట్. లంబసింగిలో చెట్టు కింద నిలబడితే మీద పడేది నీటిచుక్క, తడుస్తాం. ఆయన మీద పడింది పొడి, తడవదు, తేలిగ్గా ఉంటుంది. డస్ట్ అన్న మాటలో ఆ తేలిక ఉంది. స్నో ఎప్పుడూ చూడని పిల్లాడు, నల్లదుమ్ములోంచి మొదలుపెట్టి, తెల్లపొడి దగ్గరికి వచ్చాడు, ఎవరూ చెప్పకుండా.

ఇంకొక్కటి చెప్పి ఈ పద్యం వదిలేస్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. పెదజాలరిపేట నుంచి ఒకమ్మాయి వస్తుంది, వాళ్ల నాన్న వేటకెళ్తాడు. మిగతావాళ్లందరూ ద పోయెట్ బికేమ్ హ్యాపీ అని ముగించారు, ఈ పిల్ల మూడు వాక్యాలు రాసింది. ద క్రో డిడ్ నాట్ సేవ్ ద డే. ఇట్ సేవ్ సమ్ పార్ట్ ఓన్లీ. మై ఫాదర్ ఆల్సో కమ్ హోమ్ విత్ సమ్ పార్ట్. అంతే రాసింది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సేవ్‌కి డీ లేదు, కమ్‌కి ఎస్ లేదు, నాకు తెలుసు, పాత రోజుల్లో అయితే అవి రెండూ సున్నా చుట్టి పక్కన స్పెల్లింగ్, గ్రామర్ అని రాసి ఇచ్చేసేవాణ్ణి. కానీ ఆ గదిలో సమ్ పార్ట్ అన్న మాట చూసింది ఆ పిల్లొక్కతే. పద్యంలో అలాగే ఉంది కదా, రోజు బాగుపడిందని లేదు, కొంత దక్కిందని ఉంది. పోయింది పోయింది, ఉన్నదాంట్లో కొంత దక్కింది. వేట సరిగ్గా పడని రోజున ఇంటికొచ్చే మనిషి మొహం చూసిన పిల్లకి ఆ కొంత అన్న మాట బరువు తెలుసు. ముందు టిక్కు పెట్టాను, పెద్దగా, మూడో వాక్యం కింద గీత గీసి ఇది నువ్వే చూశావు అని తెలుగులో రాశాను, ఆ తర్వాత డీ, ఎస్ చేర్చాను. ఈ వరస ముఖ్యమండీ. ఇక్కడ టీచర్లు ఎవరైనా ఉంటే మీకే చెప్తున్నాను, ముందు టిక్కు, తర్వాత దిద్దడం. తిరగేసి చేస్తే ఆ పిల్ల రేపట్నుంచి పోయెట్ బికేమ్ హ్యాపీ అనే రాస్తుంది, ఎందుకంటే అందులో తప్పు రాదు.

తెలుగు వస్తే ఇంగ్లీష్ పాడైపోతుంది అని ఒక భయం ఉంది మన ఇళ్లల్లో. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అంటారు. ఒక ఉదాహరణ చెప్తాను, మీరే తేల్చుకోండి. కొన్నేళ్ల కిందట మన స్టేట్ సిలబస్ పదో తరగతి ఇంగ్లీష్ పుస్తకంలో వాట్ ఈజ్ మై నేమ్ అని పాఠం ఉండేది. అది పి. సత్యవతి గారి తెలుగు కథకి ఇంగ్లీష్ అనువాదం. పెళ్లై, ఇల్లు అలుక్కుంటూ అలుక్కుంటూ ఒకావిడ తన పేరు మర్చిపోతుంది, పేరు వెతుక్కుంటూ బయల్దేరుతుంది, చివరికి చిన్నప్పటి స్నేహితురాలు పిలిస్తే గుర్తొస్తుంది. తెలుగులో ఆ కథ పేరు ఇల్లలకగానే. ఇప్పుడు చెప్పండి పిల్లలూ, ఇల్లలుకుతూ పేరు మర్చిపోయింది ఎవరు? ఈగ! చూశారా, అమ్మలందరూ ఒకేసారి చెప్పారు. ఈగ ఇల్లలుకుతూ పేరు మర్చిపోయి, ఆవునడిగి దూడనడిగి ఆఖరికి గుర్రం దగ్గరికెళ్తే, దాని కడుపులో పిల్ల ఇహిహీ అని నవ్వి చెప్తుంది, మనకి ఉగ్గుపాలతో వచ్చిన కథ. పైగా ఇల్లలకగానే పండగ కాదు అన్న సామెత కూడా ఆ పేరులోనే ఉంది. ఇంగ్లీష్ పేరులో ఈగా లేదు, సామెతా లేదు, రెండూ ఎగిరిపోయాయి. అనువాదం చేసినవాళ్ల తప్పు కాదది, ఇంగ్లీష్‌లో ఆ ఈగ లేదు మరి.

అంటే ఇంగ్లీష్ పుస్తకం తెరిచిన మన పిల్లకి, ఆ పాఠం గురించి, ఇంగ్లీష్ వాళ్లకి కూడా తెలియని సంగతి ఒకటి ముందే తెలుసు. పిల్లల కథలో ఈగ నవ్వు తెప్పిస్తుంది, అదే ఈగని తీసుకెళ్లి ఒక ఇల్లాలి పక్కన నిలబెడితే నవ్వు ఆగిపోతుంది అని రెండు వాక్యాలు రాస్తే చాలు, అసలు సిసలైన లిటరరీ కామెంటరీ అది. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పాం గానీ ఎన్ని జవాబు పత్రాల్లో ఈగ కనపడిందో నేను వేళ్ల మీద చెప్పగలను. పిల్లలకి తెలియక కాదు. ఇంగ్లీష్ పేపర్‌లో ఈగ రాయొచ్చని ఎవరూ చెప్పలేదు.

మా మేనకోడలు వాళ్లు అమెరికాలో ఉంటారు, వాళ్ల పాప అక్కడ పన్నెండో క్లాసు. వీడియో కాల్‌లో మాట్లాడుతూ తాతయ్యా నేను ఏపీ లిట్ తీసుకున్నాను అంది. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, కాలేజ్ బోర్డ్ అనే సంస్థ పెట్టే పరీక్ష, హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి కోర్సు చదివిస్తారు. దాని పూర్తి పేరే ఇంగ్లీష్ లిటరేచర్ అండ్ కాంపోజిషన్, అంటే చదవడం, రాయడం రెండూ కలిపే పేరు పెట్టారు, నాకది నచ్చింది. మే నెలలో పరీక్ష, 3 గంటలు. గంటలో 55 బిట్లు, వాటికి 45 శాతం. మిగతా 2 గంటల్లో 3 ఎస్సేలు, వాటికి 55 శాతం. మొదటి ఎస్సే ఒక పొయెమ్ మీద, రెండోది కథలోంచో నవల్లోంచో తీసిన ఒక ముక్క మీద, ఆ రెండూ అక్కడికక్కడే చదివి రాయాల్సినవి. మూడోదానికి తను చదివిన నవలో నాటకమో తనే ఎంచుకుని రాయాలి. చివరికి 1 నుంచి 5 దాకా స్కోరిస్తారు. దేశం మొత్తానికి ఇవే చదవాలి అని పుస్తకాల లిస్టు లేదు, ఏవి చెప్పాలో టీచరు చూసుకుంటారు.

నన్ను ఆపింది ఆ ఎస్సేకి మార్కులు వేసే పద్ధతి. ఒక్కో ఎస్సేకి 6 పాయింట్లు. నీ వాదన ఏంటో ఒక వాక్యంలో తేల్చి చెప్తే 1. లోతుగా, మెలకువగా ఆలోచించావనిపిస్తే ఇంకో 1. మధ్యలో 4 దేనికంటే, ఆ రచనలోంచి ఏ మాటలు పట్టుకొచ్చావు, ఆ మాటలు ఆ పని ఎలా చేస్తున్నాయో ఎలా విడమర్చావు అన్నదానికి. కథ సారాంశం మాత్రం రాసుకుంటూ పోతే ఆ నాల్గింటిలో పెద్దగా ఏం రాలదు. పాప స్క్రీన్ మీద తన ఎస్సే చూపిస్తుంటే నాకు మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. చిన్నప్పుడు తెలుగు పేపర్‌లో సందర్భసహిత వ్యాఖ్యలు రాసేవాళ్లం, ఇక్కడ పెద్దవాళ్లందరూ రాసే ఉంటారు. ఒక వాక్యం ఇస్తారు, ఇది ఎక్కడిది, ఎవరు ఎవరితో ఎప్పుడన్నారు, దాని అర్థమేంటి, విశేషమేంటి. పద్యమైతే ముందు ప్రతిపదార్థం, ఒక్కో మాటా విడదీసి చూడాలి, తర్వాతే భావం. మాట ముందు, భావం తర్వాత. వాళ్లు అక్కడ క్లోజ్ రీడింగ్ అని నేర్పిస్తున్నదానికి తలుపు మన తెలుగు క్లాసులోనే ఉంది, మనం దాన్ని కూడా గైడ్‌లోంచి బట్టీ పట్టించి మూసేశాం.

మన సీబీఎస్ఈ పదో తరగతి పేపర్ చూసినా 80 మార్కుల్లో 40 లిటరేచర్‌వే, మిగతా 40లో రీడింగ్ 20, గ్రామర్, రైటింగ్ కలిపి 20. చూసి రాసే శక్తి ఉన్నవాడికి ఆ 80లో ఎక్కడా అడ్డు లేదు. మార్కుల మాట ఇంతటితో చాలు.

మరి ఇంటి దగ్గర ఏం చెయ్యాలి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి, గైడ్ ఖరీదులో పావు వంతు ఉండదు. రోజూ చదివిన పాఠంలోంచి ఒక్క మాట, మొత్తం పేరా కాదు, ఒక్క మాట పైన రాసుకో. దాని కింద నాలుగు వాక్యాలు. ఆ మాట తీసేసి ఇంకోటి పెడితే ఏం పోతుంది అన్నది రాయి. ఇంగ్లీష్ మాట తట్టకపోతే అక్కడ తెలుగు మాటే పెట్టేసి ముందుకెళ్లిపో, తర్వాత డిక్షనరీ చూసి మార్చుకో. వాక్యం మధ్యలో మాట కోసం ఆగిపోతే ఆలోచన పారిపోతుంది, నేను చూశాను ఎంతోమంది పిల్లల్ని, పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటారు, చెప్పాల్సింది ఉంటుంది, ఒక్క మాట దొరక్క మొత్తం వదిలేస్తారు. మొదట్లో తప్పులొస్తాయి, రానివ్వండి. పెద్ద పెద్ద మాటలు వద్దు, ఫీస్ట్ టు ద ఐస్ అసలొద్దు. ఇంకోటి, రాసింది పైకి చదువు, గట్టిగా. ఎక్కడ నాలుక తడబడుతుందో అక్కడ వాక్యం విరిగిందని అర్థం.

అమ్మానాన్నలకి ఒక్క మాట. మాకు ఇంగ్లీష్ రాదు మాస్టారూ, మేమేం చూస్తాం అంటారు. ఆ నోటు తీసుకుని, నాన్నా, ఇవాళ ఏ మాట పట్టుకున్నావు, తెలుగులో చెప్పు అని అడగండి. వాడు మీకు తెలుగులో చెప్పగలిగితే రేపు ఇంగ్లీష్‌లో రాయగలడు. మీకే చెప్పలేకపోతే గైడ్ చూసి ఎక్కించాడన్నమాట. ఇంకా, సెలవురోజు సినిమాకీ బీచ్‌కీ తీసుకెళ్లినట్టే ఒకసారి ఇక్కడి లైబ్రరీకి తీసుకురండి. ఈ ఊరు ఇంగ్లీష్‌కి కొత్త కాదు, పైన ఆంధ్రా యూనివర్సిటీలో శ్రీనివాస అయ్యంగార్ గారని ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా చేసి వైస్ ఛాన్సలర్ అయ్యారు, మనవాళ్లు ఇంగ్లీష్‌లో రాసినదాన్ని ఒక సాహిత్యంగా చూసి చరిత్ర రాశారు ఆయన, 1962లో వచ్చింది ఆ పుస్తకం.

ప్రశ్నలా? అడుగమ్మా. కాదు, ఆ నీలంచొక్కా బాబు ముందు చెయ్యెత్తాడు. ఆఁ, చెప్పు నాన్నా. పొయెమ్ చదివితే నాకేం అనిపించకపోతే ఏం రాయాలి అంటున్నాడు. బాబూ, మంచి ప్రశ్న, ఇది అడగడానికి ధైర్యం కావాలి. ఏమీ అనిపించకపోవడం తప్పు కాదు. అనిపించిందని అబద్ధం రాస్తేనే తప్పు. అలాంటప్పుడు ఎక్కడ అర్థం కాక ఆగావో ఆ మాట రాసుకో. ఇక్కడ ఈ మాట ఎందుకుందో తెలీలేదు అని ఇంగ్లీష్‌లో ఒక వాక్యం రాయి. ఆ తర్వాత వాక్యం, ఒకవేళ ఇందుకేమో అని మొదలుపెట్టు. చాలాసార్లు ఆ ఏమో దగ్గరే అసలు విషయం దొరుకుతుంది. వన్‌టౌన్ కుర్రాడు కరగదేమో, పొడిలా ఉంటాదేమో అన్నాడు చూడు, అలాగ.

సరే, ఇంక నేను మాట్లాడింది చాలు. ఆ కాగితాలు పంచండమ్మా, ఒక్కొక్కళ్లకి ఒకటి. ఫ్రాస్ట్‌దే ఇంకో పద్యం, ఫైర్ అండ్ ఐస్, 9 లైన్లు, 1920లో మొదట అచ్చైంది. ప్రపంచం నిప్పుతో అంతమవుతుందని కొందరు, ఐస్‌తో అని కొందరు అంటారు అని మొదలవుతుంది. ఐదో లైన్ దాకా వెళ్లేటప్పటికి పెరిష్ ట్వైస్ అనే మాట వస్తుంది, రెండుసార్లు నశించడం. ఒకసారి నశించాక రెండోసారి నశించడానికి ఏం మిగుల్తుంది? నేను చెప్పను. పెద్దవాళ్లు కూడా రాయండి, తెలుగులో అయినా సరే. పదిహేను నిమిషాలు. పెన్ను లేనివాళ్లు ఇటు రండి, నా సంచిలో ఉన్నాయి.